లేసు మీటరు లెక్కన కాదండీ

మొన్న ఒక ఎగ్జిబిషన్‌లో నా పని ముందు ఆగి ఒకావిడ అడిగిన మొదటి మాట, "ఈ లేసు మీటరు ఎంతమ్మా?" మీటర్ల లెక్కన అమ్మేది కాదండీ అన్నాను. "ఓహో, టీవీ మీద వేసుకునేదా?" అన్నారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. దాన్ని తీసుకెళ్లి గుమ్మం తోరణాల పక్కన పెడితే ఎవరైనా అదే అడుగుతారు. నా బాధంతా అక్కడ పెట్టినవాళ్లతోనే. ఫారం నింపేటప్పుడే రెండు గళ్లు చూపించారు: ఎంబ్రాయిడరీ, లేసు. ఏదో ఒకటి టిక్ పెట్టమన్నారు. రెండూ ఉన్నాయి కదా అంటే, "అలా కుదరదమ్మా, ఏది ఎక్కువుంటే అది పెట్టు" అన్నారు.

ఆ పని ఏంటో చెప్తాను. మూడడుగుల నేత గుడ్డ, గోదారికి ఎర్రనీరు వచ్చినప్పటి రంగు. దాని మీద ఎదురీదుతున్న పులస, మొత్తం గొలుసు కుట్టు. సగం చేప మీద వల. ఆ వల లేసు సూదితో, అంటే క్రోషే కొక్కెంతో అల్లినది. పై అంచు గుడ్డకి ఉంటుంది, కింద అంచు వదిలేశాను. గాలి తగిలితే వల కదులుతుంది, దాని నీడ పొలుసుల మీద పాకుతుంది. ఉత్త కుట్టుతో ఆ నీడ రాదు. ఉత్త లేసుతో ఆ చేప రాదు. నాలుగు నెలలు పట్టింది నాకు.

మొదటిసారి వల విడిగా అల్లి గుడ్డకి కుట్టాను. ఒక్కసారి తడిపేసరికి నూలు దారం ముడుచుకుపోయి గుడ్డంతా కుచ్చిళ్లు పడింది. ఏడుపొచ్చింది. రెండోసారి పద్ధతి మార్చాను. మగ్గం వర్క్ ఆరి సూదితో గుడ్డ మీద ఒక వరస గొలుసు వేశాను. ఆ గొలుసు కన్నుల్లోకే లేసు సూది దూర్చి, అక్కడి నుంచే వల మొదలుపెట్టాను. అల్లడం అయ్యాక తడిపి, పల్చటి గంజి పట్టించి, కన్ను కన్నుకీ గుండుసూది గుచ్చి చెక్క మీద ఆరబెట్టాను. ఇప్పుడు మీరు భూతద్దం పెట్టి చూసినా కుట్టు ఎక్కడ అయిపోయిందో, లేసు ఎక్కడ మొదలైందో చెప్పలేరు. అతుకే లేదు.

అప్పుడే నాకు అర్థమైంది, ఈ రెండూ ఒక ఇంటి పిల్లలేనని. ఆరి సూదీ, లేసు సూదీ రెండూ కొక్కేలే. కన్నులోంచి కన్ను లాగడమే రెండిటి పనీ. ఒకదాని కింద గుడ్డ ఉంటుంది, ఇంకోదాని కింద ఉండదు, అంతే తేడా. మన ఆరి లాంటి కొక్కెం పనే 18వ శతాబ్దంలో తూర్పు దేశాల నుంచి యూరప్ వెళ్లి టాంబూర్ వర్క్ అయింది. దాని కింద గుడ్డ తీసేస్తే పుట్టిందే క్రోషే అని చాలామంది చరిత్రకారులు అంటారు. కొక్కెంతో కాకుండా మామూలు సూదితో చేసే లేసు కథ కూడా ఇంతే. 16వ శతాబ్దంలో ఇటలీలో నార గుడ్డలో దారాలు కత్తిరించి, ఆ ఖాళీల్లో కాజా కుట్టుతో డిజైన్లు నింపేవాళ్లు. తర్వాత ఆ గుడ్డ కూడా అక్కర్లేదనుకున్నారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు పుంతో ఇన్ ఆరియా, అంటే గాలిలో కుట్టు. చొక్కా గుండీ కన్నానికి మనం వేసే కాజా కుట్టే అది! మరి కుట్టునీ లేసునీ కలిపితే కుదరదని ఎలా అంటారు?

మాది నరసాపురం పక్క పల్లె. మిషనరీలతో 19వ శతాబ్దంలో మా వైపు వచ్చిన పని ఈ క్రోషే లేసు. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని పువ్వులు అల్లేది, అతుకుపని ఇంకొకరు చేసేవాళ్లు, ముక్కల లెక్కన కూలీ ఇచ్చి పట్టుకెళ్లేవాళ్లు. తను అల్లిన పువ్వు పూర్తయిన బల్లగుడ్డలో ఎక్కడ పడిందో కూడా ఆవిడకి తెలీదు. ఒక్క ముక్క కూడా మా ఇంట్లో మిగల్లేదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త మా నరసాపురం లేసు ఆడవాళ్ల మీద 1982లో ఏకంగా పుస్తకమే వేశారు. రోజూ గంటల తరబడి చేసే ఈ పనిని ఇల్లాళ్ల తీరిక వేళ కాలక్షేపం కింద లెక్కగట్టి కూలీ తగ్గిస్తున్నారని అందులో రాశారు. నిన్నగాక మొన్న "ఇంట్లో ఖాళీయేగా, మంచి టైమ్‌పాస్" అని నా మొహం మీదే అన్నారు. నలభై ఏళ్లు దాటినా అదే మాట!

2024లో నరసాపురం లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే గుర్తింపు వచ్చింది. నిజంగా సంతోషించాను. కానీ మనవాళ్ల చేతులకి ఇంకా బయట నుంచి వచ్చిన డిజైన్లే ఇస్తున్నారు, లేసుని ఇంకా బల్లగుడ్డలకీ, జాకెట్టు అంచులకే ఎక్కువ వాడుతున్నారు. ఇంత చెయ్యి తిరిగిన వాళ్లకి సొంతంగా ఒక బొమ్మ ఊహించుకోమని, ఆరి సూది కూడా పట్టుకోమని, కింద పేరు కుట్టుకోమని ఎవరూ చెప్పరేం? చెప్పి చూడండి, ఏం బయటికొస్తుందో!

వచ్చే నెల ఇంకో చోట ప్రదర్శన ఉంది. అక్కడ ఫారంలో కూడా అవే రెండు గళ్లు. రెండిటికీ టిక్ పెట్టి, గోడకి వేలాడదీయాలని, కింద అంచుకి గాలి తగలాలని పక్కన రాసి పంపాను.