ఇంజిన్లు తర్వాత, ముందు కర్రలు కొనండి

మన సంఘంలో రైలు పిచ్చోళ్లం ఓ అరడజను మంది ఉన్నాం. బేస్‌మెంట్‌లో మోడల్ రైల్వే కడుతున్నామంటే మిగతావాళ్లు పిల్లల ఆట అనుకుంటారు, అనుకోనీండి, నా గొడవ వాళ్లతో కాదు మా అరడజనుతోనే. ప్రతివాడూ ముందు ఇంజిన్లు కొంటాడు. ఒకాయన ఇంట్లో పద్నాలుగు ఇంజిన్లు డబ్బాల్లో పడున్నాయి, వాటిని పెట్టడానికి టేబుల్ కూడా లేదు, ప్లాన్ మాత్రం రెండంతస్తుల లేఅవుట్, అంటే పట్టాలూ స్టేషన్లూ కొండలూ అన్నీ పేర్చిన అమరిక. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. నేనూ అలాగే మొదలుపెట్టి దెబ్బతిన్నవాణ్నే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నాది అరకు లైను, కొత్తవలస కిరండూల్. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా గనుల ఇనుప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకి దించడానికి 1960ల్లో వేసిన లైను, 58 టన్నెళ్లు, శిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకెళ్తుంది. చిన్నప్పుడు ఆ పాసింజర్‌లో టన్నెల్ వచ్చినప్పుడల్లా కేకలేసిన బ్యాచ్ మేం. ఆ ఎక్కుడు లేకపోతే అరకు లైనుకి అర్థమేముంది, అందుకే రెండంతస్తులు. నాది ఎన్ స్కేల్, అంటే అసలు రైలులో 160వ వంతు కదా, నేలని సముద్రమట్టం అనుకుంటే శిమిలిగూడ స్టేషన్ 20 అడుగుల పైన కట్టాలి, నా సీలింగేమో ఏడున్నర అడుగులు! సరే రాజీ పడ్డా, కింద కొత్తవలస 40 అంగుళాల ఎత్తులో, పైన అరకు 56లో, మధ్యలో గుండ్రంగా తిరుగుతూ ఎక్కే హెలిక్స్.

ఇక దెబ్బ సంగతి. ఈ దేశంలో ఇంటి గోడలు మనూళ్లో ఇటుక గోడల్లా కాదు, డ్రైవాల్ అంటే కాగితాల మధ్య జిప్సం పలక, అట్టముక్క కింద లెక్కే, వెనకాల 16 అంగుళాలకొకటి నిలువు కర్ర ఉంటుంది, దాన్నే స్టడ్ అంటారు. పై అంతస్తు బ్రాకెట్ల స్క్రూలు ఆ స్టడ్‌లో దిగాలి. నేనేం చేశా, స్టేషన్ అందంగా రావాలని బ్రాకెట్లు నాకు నచ్చిన చోట కొట్టా, ఉత్త డ్రైవాల్‌లో ప్లాస్టిక్ యాంకర్లు (స్క్రూ పట్టే గొట్టాలు) పెట్టి. రెండు నెలలు బానే ఉంది. ఓ రాత్రి ధడేల్‌మని శబ్దం, వెళ్లి చూస్తే నాలుగడుగుల అరకు లోయ వచ్చి కొత్తవలస యార్డు మీద పడుంది, గోడలో రెండు బొక్కలు. మా ఆవిడ మెట్లమీంచి తొంగిచూసి ఏక్సిడెంటా అంది.

తర్వాత బుద్ధిగా నేర్చుకున్నా. కింది అంతస్తుకి ఎల్ గర్డర్ పద్ధతి, మోడల్ రైల్‌రోడర్ పత్రిక ఎడిటర్‌గా చేసిన లిన్ వెస్ట్‌కాట్ పుణ్యం. వన్ బై ఫోర్ అంగుళాల బద్దె నిలబెట్టి దాని పైఅంచుకి వన్ బై టూ బద్దె జిగురేసి బిగిస్తే ఎల్ ఆకారంలో దూలం అవుతుంది, సన్నదే కానీ వంగదు. (వన్ బై ఫోర్ అని అమ్ముతారు, కొలిస్తే ముప్పావు బై మూడున్నరే ఉంటుంది, మోసం కాదట, పద్ధతట.) దాని మీద అడ్డంగా వాసాలు. కిటుకు ఏంటంటే వాసాలకి స్క్రూలు కిందనుంచి వేస్తాం, రేపు ఏ వాసమైనా వంతెనకి అడ్డొస్తే పైన కొండనీ పట్టానీ కదపకుండా జరుపుకోవచ్చు. మా తాతగారి పెంకుటిల్లు కట్టిన వడ్రంగి చూస్తే పది నిమిషాల్లో అర్థం చేసుకునేవాడు, నాకు ఆర్నెల్లు పట్టింది.

హెలిక్స్‌కి లెక్క ముఖ్యం. 24 అంగుళాల రేడియస్ అంటే చుట్టుకి 151 అంగుళాల పట్టా, చుట్టుకి రెండున్నర అంగుళాలు ఎక్కిస్తే వాలు 60కి 1, అంటే 60 అంగుళాలు పోతే ఒక అంగుళం ఎక్కుడు. అసలు ఘాట్ లైనుదీ 60కి 1 అని చూసుకుని ఆ రోజు ఎంత మురిసిపోయానో. అదే ఎన్ కంటే పెద్దదైన హెచ్‌ఓ స్కేల్ అయితే రైలు పట్టడానికి చుట్టుకి నాలుగంగుళాలు కావాలి, అదే వాలుకి హెలిక్స్ ఆరడుగులు దాటి వెడల్పవుతుంది, కాబట్టి చోటు కొలవకుండా స్కేల్ ఎంచుకోకండి. చుట్టూ ఎనిమిది చోట్ల థ్రెడెడ్ రాడ్ (పొడుగునా మర ఉన్న కడ్డీ) నిలబెట్టా, ప్రతి ప్లైవుడ్ చుట్టుకీ పైనా కిందా నట్టూ వాషరూ. ఎక్కడైనా కుంగితే నట్టు తిప్పి సరిచేయొచ్చు. వందకి పైగా నట్లు, ఒక్కోదాని దగ్గరా రసమట్టం పెట్టి చూడ్డం, విసుగే, కాదనను. కానీ ఇక్కడ బద్ధకిస్తే పదిహేనో వ్యాగన్ దగ్గర కప్లింగ్ ఊడి వెనకది మొత్తం కిందకి జారుతుంది, అదీ హెలిక్స్ లోపల, చెయ్యి పట్టని చోట.

చెక్క సంగతి మర్చిపోకండి. చలికాలం హీటర్ వేస్తే గాలి ఆరిపోయి చెక్క ముడుచుకుంటుంది, పట్టా ముడుచుకోదు. పోయిన జనవరిలో నా పట్టా పాములా మెలికపడింది, అతుకుల దగ్గర సందు వదల్లేదు మరి.

మనవాళ్లకి సుత్తి రంపం పట్టుకోవడం అంటే ఎందుకో నామోషీ, ఇంజిన్ కొంటే వాట్సాప్‌లో ఫోటో పెడతారు, దూలం కడితే పెట్టరు. మొదటి ఏడాది డబ్బులు కర్రకీ స్క్రూలకీ పెట్టండి అంటే ఆ పద్నాలుగు ఇంజిన్లాయన నవ్వేవాడు. మొన్న ఫోన్ చేసి స్టడ్ ఫైండర్ ఉందా గురూ అన్నాడు. ఉంది, బ్యాటరీ నువ్వు తెచ్చుకో అన్నా.