నది వైపు గేటు లేదు

లివర్‌పూల్‌లో మెర్సీ నది ఒడ్డున ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్ కట్టుకున్న కొత్త స్టేడియంలో తొలి ప్రీమియర్ లీగ్ మ్యాచ్ 2025 ఆగస్టు 24న జరిగింది. బ్రైటన్‌ను 2-0తో ఓడించి ఇంటివాళ్లు గృహప్రవేశం బాగానే చేసుకున్నారు. హిల్ డికిన్సన్ అనే న్యాయ సంస్థ పేరు పెట్టుకున్న ఆ స్టేడియంలో 52,769 మంది పడతారు. కింద పాత గోదాములను తలపించే ఇటుక గోడ, పైన ఉక్కూ గాజూ కలిపిన వంపు కప్పు, దక్షిణాన ఒకే వాలుగా నిటారుగా లేచిన 13 వేల సీట్ల స్టాండు. కట్టడానికి వంక పెట్టడం మా ఉద్దేశం కాదు. పునాది పడకముందు ఏళ్ల తరబడి సాగిన వాదన వారసత్వం చుట్టూ, డబ్బు చుట్టూ తిరిగింది. విజిల్ మోగాక యాభై వేల పైచిలుకు జనం ఏ దారిన ఇళ్లకు పోతారన్న ప్రశ్న మాత్రం ఓ మూల కూర్చుండిపోయింది. ఇవాళ నొప్పి పుడుతున్నది అక్కడే.

ముందు వారసత్వం సంగతి. స్టేడియం కింద ఉన్నది బ్రామ్లీ-మూర్ డాక్, ఓడలు ఆగేందుకు రాతిగోడలతో కట్టిన నీటి తొట్టి. దాన్ని ఇసుకతో పూడ్చి పైన స్టేడియం లేపారు. 1848లో తెరిచారు. కట్టింది జెస్సీ హార్ట్‌లీ. చిన్నా పెద్దా గ్రానైట్ రాళ్లను ఒకదానిలోకి ఒకటి ఇరికించి, సూది దూరనంత బిగువుగా గోడ లేపిన ఇంజినీరు ఆయన. లివర్‌పూల్ రేవు 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2012లో ‘ప్రమాదంలో ఉన్నవి’ పట్టికలోకి జారింది. అందుకు కారణం ఈ స్టేడియం కాదు, ఉత్తర డాకుల వెంట ఎత్తయిన భవనాలు లేపాలనుకున్న లివర్‌పూల్ వాటర్స్ పథకం. 2021 ఫిబ్రవరి 23న నగర కౌన్సిల్ ప్రణాళికా సంఘం స్టేడియానికి ఏకగ్రీవంగా అనుమతి ఇచ్చింది. నెల తిరక్కుండానే... కాదు, సరిగ్గా చెప్పాలంటే నెల దాటాక మూడో రోజున, లండన్ ప్రభుత్వం తాను వేలు పెట్టబోనంది. జూలై 21న యునెస్కో కమిటీ 13-5 ఓట్లతో హోదా తీసేసింది. ఒమన్‌లోని ఆరిక్స్ అభయారణ్యం (2007), జర్మనీలోని డ్రెస్డెన్ ఎల్బే లోయ (2009) తర్వాత ఆ జాబితా నుంచి పూర్తిగా పోయిన మూడో చోటు ఇది. అప్పటికి డాక్‌లో ఒక్క తట్ట ఇసుక కూడా పడలేదు. కాబట్టి స్టేడియమే హోదాను పోగొట్టిందన్నది సగం నిజం. తొమ్మిదేళ్లుగా నానుతున్న గోడకు అది చివరి వాన.

పూడ్పును సమర్థించినవాళ్లు చెప్పిన మాట ఒకటుంది. డాక్‌ను చెడగొట్టలేదు, ఇసుక కింద భద్రంగా దాచాం, రాబోయే తరాలు కావాలంటే తవ్వుకోవచ్చు అని. ఇంజినీరింగ్ లెక్కలో ఇది అబద్ధం కాదు, గోడలు లోపల అలాగే ఉన్నాయి. కానీ పైన అంత స్టేడియాన్ని నిలబెట్టి, కింద కావాలంటే తవ్వుకోండి అనడం వినడానికే బాగుంటుంది. డాక్‌కు ప్రాణం నీళ్లు. పడమటి వైపు ఒక పాయ మిగిల్చారు, 1883 నాటి హైడ్రాలిక్ టవర్‌ను బాగుచేసి నిలిపారు. మిగిలిన నీళ్లు పోయినట్టే. ఆ నష్టాన్ని నష్టమని ఒప్పుకుని, దానికి బదులు దక్కినదేమిటో చెప్పి ఉంటే ఆ వాదనకు బలం వచ్చేది.

పూడ్చిన తీరు మాత్రం మెచ్చుకోదగ్గది. డాక్ గోడ తన బరువుతోనే నిలబడే రాతికట్టు. వెనక నుంచి మట్టి నెడుతుంటే, ముందు నుంచి నీళ్లు ఎదురు నెడుతుంటాయి. తేలిగ్గా పనవుతుందని నీళ్లు తోడేస్తే ఆ ఆసరా పోయి గోడ లోపలికి ఒరుగుతుంది. అందుకే నీళ్లుండగానే నింపాలి. ఐరిష్ సముద్రంలో దాదాపు 20 మైళ్ల దూరాన డ్రెడ్జర్ (సముద్రపు అడుగు తోడే ఓడ) తోడిన ఇసుకను నీళ్లతో కలిపి, జారుగా చేసి, లోపలికి కొట్టారు. నాలుగున్నర లక్షల ఘనపు మీటర్లకు అటూ ఇటూగా పట్టింది. అంతకుముందే చేపలను పట్టి వేరే నీళ్లలో వదిలారు. యుద్ధకాలంలో బాంబుదాడులు చూసిన రేవు గనుక అడుగున పేలనివి మిగిలాయేమో డైవర్లు దిగి చూడక తప్పదు.

ఇలాంటి పనిలో అసలు శత్రువు అడుగున పేరుకున్న బురద. ఇసుకను ఒకే మూల నుంచి పోస్తూ పోతే బురద దాని ముందు అలలా తోసుకుంటూ వెళ్లి అవతలి గోడ దగ్గర గుట్టపడుతుంది. ఆ చోట పైన ఎంత ఇసుక పోసినా ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. పలచని పొరలుగా, అన్ని వైపులా సమంగా పరుచుకుంటూ రావాలి. నీళ్లలో జారిన ఇసుక వదులుగా కూర్చుంటుంది కాబట్టి పొడవాటి వైబ్రేటర్‌ను లోపలికి దించి దట్టించాలి. అంత చేసినా స్టాండ్ల బరువును ఇసుక మీద పెట్టకూడదు. పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించే స్తంభాలు, ఇసుకనూ బురదనూ దాటి కింద గట్టి పొరను తాకాలి. చుట్టూ ఉన్న ఇసుక కుంగేటప్పుడు పైల్‌ను పట్టుకుని తనతో పాటు కిందికి లాగుతుంది. ఆ లాగుడు బరువును కూడా పైల్ లెక్కలో కలపాలి. పైల్స్ మీద ఉన్నది కదలదు, ఇసుక మీద ఉన్నది దిగుతుంది. ఆ రెంటి మధ్య గీత దగ్గర, అంటే స్టాండు గడపకూ బయటి చప్టాకూ నడుమ, రెండు మూడేళ్లలో వేలెడెత్తు మెట్టు పడితే చీకట్లో గుంపుగా వచ్చేవాళ్లు తట్టుకుని పడతారు. కింద మురుగు గొట్టం కూడా సరిగ్గా అక్కడే విరుగుతుంది. గీత దాటే ప్రతి గొట్టానికీ వంగే జాయింటు, చప్టాకు వాలు పలక పెట్టడం ఆ రోగానికి మందు. ఖర్చు తక్కువ, మరిచిపోవడం చాలా తేలిక.

ఈ నిర్మాణంలో 2023 ఆగస్టులో ఒక కార్మికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. స్టేడియం ఖరీదు చెప్పేటప్పుడు ఆ సంగతీ చెప్పాలి.

ఇక దారి. బ్రిటన్‌లో మైదానాల భద్రతకు ప్రామాణికంగా వాడే గ్రీన్ గైడ్ ప్రకారం మామూలుగా జనం ఎనిమిది నిమిషాల్లోపు తమ చోటు వదిలి, ఎటూ ఆగకుండా పోగలిగే దారిలోకి చేరాలి. చదును నేల మీద మీటరు వెడల్పున నిమిషానికి 82 మంది, మెట్ల మీదైతే 66 మంది దాటగలరని లెక్క. అంటే 52,769 మందికి చదునుగా అయితే మొత్తం 80 మీటర్ల వెడల్పు గేట్లు కావాలి. మెట్లయితే వంద మీటర్లు. గోడల లోపల ఇది కుదురుతుంది, కొత్త కట్టడంలో ఎవరైనా కుదురుస్తారు. చిక్కంతా గోడ బయట.

క్లబ్ 1892 నుంచి ఆడిన పాత గుడిసన్ పార్క్ ఇళ్ల వరుసల మధ్య ఉంది. నాలుగు వైపులా వీధులే. ముప్పై తొమ్మిది వేల మంది బయటికి రాగానే సందుల్లోకి, బస్సుల్లోకి, పబ్బుల్లోకి చీలిపోయేవారు. పది నిమిషాల్లో గుంపు గుంపుగా మిగిలేది కాదు. నది ఒడ్డున ఆ సౌకర్యం లేదు. పడమర మెర్సీ. దక్షిణాన నెల్సన్ డాక్ నీళ్లు. ఉత్తరాన మురుగునీటి శుద్ధి కేంద్రం. మిగిలింది తూర్పు ఒక్కటే, అక్కడ రీజెంట్ రోడ్డు. ఆ రోడ్డుకూ స్టేడియానికీ అడ్డంగా హార్ట్‌లీ కట్టిన డాక్ ప్రహరీ ఉంది. సరుకు దొంగతనంగా బయటికి పోకూడదని కట్టిన గోడ అది, జనాన్ని ఆపడమే దాని పని. చట్టరక్షణ ఉన్న ఆ గోడలో కొత్త దారులు తెరవాల్సి వచ్చింది. వారసత్వ వాదులకు ప్రతి మీటరూ కోత, భద్రతాధికారికి ప్రతి మీటరూ నిమిషానికి 82 మంది. ఆ రెండు వాదనలూ నిజంగా ఒకే చోట కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం యునెస్కో హోదా కంటే ఇదే ఎక్కువ.

గోడ దాటాక దగ్గరి రైలు స్టేషన్ శాండ్‌హిల్స్, పావుగంట నడక. నేల కంటే ఎత్తున ఉన్న ఆ స్టేషన్‌లో రెండు దిక్కుల రైళ్లకూ కలిపి ఒకే ప్లాట్‌ఫారం. ప్లాట్‌ఫారం నిండితే అంచున నిలబడేవాడు పట్టాల మీద పడతాడు కాబట్టి జనాన్ని కిందే ఆపి, రైలు వచ్చినప్పుడు లెక్కపెట్టి వదలాలి. సౌత్‌పోర్ట్, ఆర్మ్‌స్కర్క్, హెడ్‌బోల్ట్ లేన్ శాఖల రైళ్లు మామూలు రోజుల్లో పావుగంటకొకటి చొప్పున నడుస్తాయి. మూడూ కలిస్తే నగరం వైపు గంటకు 12. కొత్త నాలుగు పెట్టెల రైలు ఒక్కోదాంట్లో కూర్చునేవాళ్లూ నిలబడేవాళ్లూ కలిపి 484 మంది. అన్నీ ఖాళీగా వచ్చినా గంటకు 5,808 మంది, రెండేసి రైళ్లు కలిపి నడిపితే 11,616. పదిహేను వేల మంది నగరం వైపు రైలెక్కుదామనుకుంటే మొదటి లెక్కలో రెండున్నర గంటలు దాటుతుంది, రెండో లెక్కలో గంటా ఇరవై నిమిషాలు. నిజానికి ఆ రైళ్లు ఖాళీగా రావు. ఆదివారం రైళ్లు ఇంకా తక్కువ, మ్యాచులు చూస్తే ఆదివారాల్లోనూ ఉంటాయి. శాండ్‌హిల్స్ తర్వాత నగరం వైపు వచ్చే స్టేషన్ మూర్‌ఫీల్డ్స్, అంటే నగరం నడిబొడ్డు. స్టేడియానికి సమీపంగా పోయే ఈ లైన్ మీద మధ్యలో ఆగే చోటే లేదు. అక్కడికి నడిచి పోదామంటే అరగంటకు పైగా, పడమటి గాలికి ఎదురు లేని రోడ్డు మీద.

కౌన్సిల్ చేసిందేమిటి? మ్యాచ్ రోజుల్లో చుట్టుపక్కల పెద్ద మేర పార్కింగ్ నిషేధించింది. ఉద్దేశం సరైనదే, ఇరుకు వీధుల్లో కార్లు నిండితే అంబులెన్సు కూడా కదలదు. కానీ ఆ ప్రాంతంలో గ్యారేజీలూ స్టూడియోలూ గోదాములూ నడుపుకునేవాళ్లు గట్టిగానే మొరపెట్టుకున్నారు. కారు వద్దనే ముందు దానికి బదులుగా ఏముందో చూపించాలి. ప్రయాణికుడు తెలివైనవాడు, నిషేధం అంచు ఎక్కడుందో కనిపెట్టి అక్కడ ఆపి నడుస్తాడు. ఇబ్బంది పోదు, రెండు వీధులు అవతలికి జరుగుతుంది.

తక్షణం చేయదగ్గవి లేకపోలేదు. విజిల్ తర్వాత గంటసేపు జనాన్ని లోపలే నిలిపే పాటలూ తిండీ చవక బీరూ రైల్వే ఖర్చు కంటే ఎంతో చౌక. వరసలో నిల్చునే చోట గాలికి అడ్డు, పిల్లలతో ఉన్నవాళ్లకూ చక్రాల కుర్చీ వాళ్లకూ వేరే వరస, బస్సులకు మాత్రమే వదిలిన ఒక రోడ్డు పాయ. ఇవన్నీ కలిపినా రైలు కొరత తీరదు, కాకపోతే గుంపు ఒక్కసారిగా పోటెత్తడాన్ని తగ్గిస్తాయి. శాశ్వతమైనది మధ్యలో ఒక స్టేషన్. 2003లో డబ్బు కూడగట్టలేక ఇదే క్లబ్ వదులుకున్న కింగ్స్ డాక్ స్టేడియం స్థలం నగర మధ్యానికి నడిచిపోయే దూరంలో ఉంది. అక్కడ కట్టి ఉంటే ఈ సంపాదకీయం సగమే రాయాల్సి వచ్చేది.

డబ్బు గురించి ఎక్కువ రాయం. మొదట 50 కోట్ల పౌండ్లన్నారు, చివరికి 75 కోట్లు దాటిందని అంటున్నారు. ఆ అప్పు వడ్డీ లెక్కల మీద కూడా లీగ్‌తో పేచీ నడిచింది. నష్టాల పరిమితి దాటినందుకు 2023 నవంబరులో 10 పాయింట్లు కోత పడితే అప్పీలులో ఆరయ్యాయి, మరుసటి ఏప్రిల్‌లో వేరే ఏడాది లెక్కలకు ఇంకో రెండు పోయాయి. ఇప్పుడు యజమానులు కూడా మారారు. ఆ అప్పుల సంగతి వాళ్లూ బ్యాంకులూ చూసుకుంటారు.

2028 జూన్, జూలైల్లో యూరప్ దేశాల ఫుట్‌బాల్ పోటీలు (యూరో) ఇక్కడికి వస్తున్నాయి. అప్పుడు వచ్చేవాళ్లకు రీజెంట్ రోడ్డు తెలియదు, శాండ్‌హిల్స్ పేరు పలకడం రాదు. అందాకా ఆగక్కర్లేదు. ప్రతి మ్యాచ్ తర్వాత చివరి మనిషి ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టిన సమయాన్ని క్లబ్, కౌన్సిల్, రైల్వే కలిసి ప్రకటించాలని మేం అడుగుతున్నాం. వాన పడ్డ రాత్రి లెక్క వేరుగా, ఆదివారం లెక్క వేరుగా. ఆ అంకెను టికెట్ మీద, సీటు నంబరు కిందే అచ్చు వేయాలి: ఈ సీటు నుంచి రైలు దాకా ఇన్ని నిమిషాలు అని.