ధృతరాష్ట్రుడికి భారతం ఇవ్వని సాకు

ఈ కథ మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. కురుక్షేత్రం ముగిశాక ధృతరాష్ట్రుడు కృష్ణుడి దగ్గర ఏడుస్తాడు. పుట్టుగుడ్డిని అయ్యాను, 100 మంది కొడుకులూ పోయారు, నేనేం పాపం చేశానని అడుగుతాడు. కృష్ణుడు 50 జన్మల వెనక జరిగింది చెబుతాడు. అప్పుడు ఆయనొక వేటగాడు. చెట్టు మీదున్న పక్షుల మీదికి మండే వల విసిరాడు. పెద్ద పక్షులు చూపు పోగొట్టుకుని ఎగిరిపోయాయి, 100 పిల్లలు కాలి చచ్చిపోయాయి. మరి 50 జన్మలు ఎందుకు ఆగిందంటే, 100 మంది కొడుకుల్ని కనేంత పుణ్యం పోగవడానికి అంత కాలం పట్టిందట. అప్పటిదాకా కర్మ ఓపిగ్గా కాచుకుని కూర్చుందట. చివర్లో ముక్తాయింపు: కర్మ నుంచి ఎవరూ తప్పించుకోలేరు, ఈరోజు ఎవరు ఏ బాధ పడుతున్నా అది వాళ్ళు చేసుకున్నదే.

పోయిన ఏడాది మా కుటుంబం గ్రూపులో ఇది వచ్చింది. పెట్టినాయన వరసకు మాకు బాబాయి. కింద ఇంకెవరో "ఎవరి ఖర్మకు ఎవరు కర్తలు" అని రాశారు. మా చెల్లి కొడుక్కి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండని స్థితి. వాడికప్పుడు రెండేళ్ళు దాటాయి, ఇంకా నిలబడలేడు. ఆ రాత్రి చెల్లి ఫోన్ చేసి, "అక్కా, వీడేం చేసుంటాడంటావ్? నేనేం చేసుంటాను?" అని అడిగింది. నా దగ్గర వెంటనే సమాధానం లేకపోయింది. పడుకో, పొద్దున మాట్లాడదాం అన్నాను. ఆ తర్వాత పుస్తకాలు తీసి చదివాను.

"ఇది భారతంలో ఉంది"

లేదు. కృష్ణుడు ధృతరాష్ట్రుడికి ఇలా పక్షుల కథ చెప్పడం వ్యాసభారతంలో లేదు. అయితే అక్కడ ఉన్నది చదివితే నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఫార్వర్డ్‌లో ఉన్న వాదన భారతంలో నిజంగానే వస్తుంది. దాన్ని ఎత్తింది ధృతరాష్ట్రుడే.

స్త్రీపర్వం మొదట్లోనే ఆయన సంజయుడితో అంటాడు: ఇంత ఫలం అనుభవించడానికి నేను చేసిన చెడ్డ పని ఒక్కటీ నాకు గుర్తు రావడం లేదు, పూర్వజన్మల్లో ఏదో చేసి ఉంటాను. 18 అక్షౌహిణులు నేలకూలిన తర్వాత, ద్రౌపదిని సభకు ఈడ్చిన ఇంటికి పెద్ద, తనకు ఏమీ గుర్తు రావడం లేదంటున్నాడు.

సంజయుడు దానికి తల ఊపలేదు. ఏ జన్మలోనిదో వెతకలేదు. ఈ జన్మలోదే వరసగా ఎత్తి చెప్పాడు. హితం చెప్పినవాళ్ళ మాట నువ్వు వినలేదు. దుశ్శాసనుడూ కర్ణుడూ శకునీ నీ కొడుక్కి మంత్రులైతే నువ్వు మధ్యస్థుడిలా కూర్చున్నావు, అనాల్సిన మాట ఒక్కటీ అనలేదు, త్రాసు సమంగా పట్టలేదు. తేనె ఒక్కటే చూసి కింద ఉన్న లోయ చూడనివాడు పడ్డాక నీలాగే ఏడుస్తాడు. తానే నిప్పు రాజేసి దాన్ని బట్టలో చుట్టుకుని, కాలుతోందని బాధపడేవాడు పండితుడు కాడు.

కృష్ణుడు కూడా అదే పర్వంలో ఆయనతో మాట్లాడతాడు. భీముడనుకుని ఇనుప బొమ్మను కౌగిట్లో నలిపేసిన తర్వాత. అక్కడా 50 జన్మల ఊసు లేదు. నీ తప్పు వల్ల నువ్వు కష్టపడుతూ భీముణ్ణి ఎందుకు చంపాలనుకున్నావు అంటాడు.

గాంధారి కూడా కొడుకుల శవాల మధ్య, పూర్వజన్మల్లో నేనేదో పాపం చేసే ఉంటాను అంటుంది. అది దాచిపెట్టడం న్యాయం కాదు. కానీ అది కన్నతల్లి ఏడుపు. దుఃఖంలో ఉన్న మనిషి తన గురించి తాను అనుకునే మాట. దాన్ని ఇంకొకరు పక్కన నిలబడి సిద్ధాంతంగా చెప్పడం వేరు. ఆ తల్లే కృష్ణుడి వైపు తిరిగి, ఆపగలిగి ఉండీ ఆపలేదు కదా అని నిలదీసి శపించింది. పూర్వజన్మ అనుకుని ఊరుకోలేదు.

అంటే ఫార్వర్డ్ చేసిన పని ఇది: వ్యాసుడు ధృతరాష్ట్రుడికి దక్కనివ్వని సాకును, కృష్ణుడి నోటితోనే ఆయనకు ఇప్పించింది.

"గుడ్డితనం పక్షుల కళ్ళు పోగొట్టినందుకు"

ఆదిపర్వం దీనికి వేరే కారణం చెప్పింది. వ్యాసుణ్ణి చూడలేక ధృతరాష్ట్రుడి తల్లి అంబిక కళ్ళు మూసుకుంది, తల్లి లోపం వల్ల బిడ్డ అంధుడవుతాడని వ్యాసుడే సత్యవతితో అన్నాడు. దీన్ని మనం వైద్యంగా తీసుకోనక్కర్లేదు. కానీ కథ కథగానైనా మార్చకూడదు కదా.

ఆ దగ్గర్లోనే మాండవ్యుడి కథ ఉంది. నాకు ఈ మొత్తంలో ఎక్కువ ధైర్యం ఇచ్చింది అదే. మౌనవ్రతంలో ఉన్న ముని ఆశ్రమంలో దొంగలు సొత్తు దాచారు. రాజభటులు మునిని కూడా పట్టుకున్నారు, ఆయన్ని శూలం ఎక్కించారు. తర్వాత ఆయన యమధర్మరాజు దగ్గరికి వెళ్ళి, నేనేం చేశానని నాకీ శిక్ష అని అడిగాడు. చిన్నప్పుడు తూనీగల తోకల్లో పుల్లలు గుచ్చావు, దాని ఫలం అన్నాడు ధర్ముడు. మాండవ్యుడు చేతులు కట్టుకుని ఒప్పుకోలేదు. చిన్న తప్పుకు ఇంత పెద్ద శిక్షా అని ఆ ధర్ముడినే శూద్ర స్త్రీకి పుట్టమని శపించాడు. అలా పుట్టినవాడే విదురుడు. అక్కడితో ఆగకుండా ఒక హద్దు కూడా గీశాడు: ఇకమీదట 14 ఏళ్ళ లోపు చేసింది పాపం కాదు.

కర్మ లెక్క రాసే దేవుడి లెక్కలోనే తప్పు ఉండొచ్చని, దాన్ని ఒక మనిషి సరిదిద్దవచ్చని భారతం చెబుతోంది. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఆ ముని ఖాతా నుంచి బయటకు తెచ్చాడు. రెండేళ్ళ పిల్లాణ్ణి మళ్ళీ ఆ ఖాతాలోకి ఈడ్చే హక్కు మా గ్రూపులో ఎవరికుంది?

"100 పక్షులకు 100 కొడుకులు"

ఈ లెక్క చదవడానికి బాగుంటుంది కాబట్టే ఇంతగా తిరుగుతోంది. కానీ కాసేపు ఆగి చూడండి. ఎవరు ఏ బాధ పడినా అది వాళ్ళు చేసుకున్నదే అయితే, ఆ పక్షిపిల్లలు కాలిపోవడం కూడా అవి చేసుకున్నదే కావాలి. అప్పుడు వేటగాడు వాటి కర్మను అమలు చేసినవాడే తప్ప పాపి ఎలా అవుతాడు? పక్షులు నిర్దోషులంటే, చేసుకోకుండానే బాధ పడేవాళ్ళు లోకంలో ఉన్నారని ఒప్పుకున్నట్టే. రెండింట్లో ఏది పట్టుకున్నా కథ చివర రాసిన నీతి నిలబడదు.

ఇంకోటి. చచ్చిపోయిన ఆ 100 మంది ఎవరు? తండ్రి అప్పు తీర్చడానికి వాడిన నాణేలా? వాళ్ళలో వికర్ణుడు ఉన్నాడు. నిండు సభలో భీష్మద్రోణులు తేల్చి చెప్పనప్పుడు, ద్రౌపది పణంగా ఓడిపోలేదని లేచి చెప్పిన కుర్రవాడు. ఆయన ఒక పక్షిపిల్లకు బదులుగా పుట్టి చచ్చాడనడం ఆ ఒక్క మంచి పనినీ తుడిచేయడమే.

"ఏ బాధ అయినా చేసుకున్నదే"

అసలు నొప్పి ఇక్కడ ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

భగవద్గీత 18వ అధ్యాయంలో ఏ పని జరగడానికైనా 5 కారణాలు చెప్పారు: అధిష్ఠానం (శరీరం), కర్త, కరణాలు (ఇంద్రియాలు), రకరకాల చేష్టలు, ఐదోది దైవం. పూర్వకర్మ ఆ దైవంలోకి వస్తుందనుకున్నా, అది ఐదింటిలో ఒకటే. రాజగృహంలో శివకుడనే పరివ్రాజకుడు (దేశాలు తిరిగే సన్యాసి) బుద్ధుణ్ణి సూటిగా ఇదే అడిగాడు, మనిషి అనుభవించేదంతా పూర్వకర్మేనా అని. బుద్ధుడు 8 కారణాలు చెప్పాడు. పైత్యం, కఫం, వాతం, ఆ మూడూ కలిసి రావడం, రుతువుల మార్పు, శరీరాన్ని సరిగా చూసుకోకపోవడం, బయటి దెబ్బ, ఎనిమిదోది కర్మ. అంతా పూర్వకర్మే అనేవాళ్ళు తమకు తెలిసినదాన్నీ, లోకం సత్యమని ఒప్పుకున్నదాన్నీ దాటి మాట్లాడుతున్నారన్నాడు. ఆయుర్వేద గ్రంథమైన చరకసంహిత విమానస్థానంలో ఆయుష్షు ముందే ఖాయమైతే మందులెందుకు అనే ప్రశ్న వేసుకుని, అందరి ఆయుష్షూ ఖాయం కాదని తేల్చారు. వీళ్ళెవరూ కర్మను కాదన్నవాళ్ళు కారు. ఒప్పుకుంటూనే దానికి హద్దు పెట్టారు.

మన నేల మీదిదే చూద్దాం. నల్లగొండ జిల్లాలో వంగిపోయిన కాళ్ళు, బిగుసుకుపోయిన నడుములతో ఊళ్ళకు ఊళ్ళే ఉండేవి. ఒకే ఊళ్ళో అంతమంది ఒకే పాపం చేసి వచ్చి ఒకే బోరు చుట్టూ పుట్టారా? ఆ నేల కింద గ్రానైట్ రాయి నుంచి నీళ్ళలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే మొదట పళ్ళు, తర్వాత ఎముకలు పాడవుతాయి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు వైపు ఈ జబ్బును డాక్టర్లు 1937లోనే రాసిపెట్టారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసేసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. జనం ధర్నాలు చేసి కృష్ణా నీళ్ళు తెచ్చుకున్నారు. ఖర్మ అనుకుని కూర్చుంటే ఆ నీళ్ళు వచ్చేవి కావు.

బిడ్డ కడుపులో ఉండగా తల్లికి రుబెల్లా వస్తే చూపూ వినికిడీ దెబ్బతినొచ్చు. దానికి టీకా ఉంది. గర్భం రాకముందు నుంచీ ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే వెన్నుపాము లోపాలు చాలావరకు తగ్గుతాయి. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టేటప్పుడు మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం, పుట్టిన బిడ్డకు పసిరికలు (కామెర్లు) మరీ ముదరడం, ఇవి సెరిబ్రల్ పాల్సీకి దారితీసే కారణాల్లో కొన్ని. వీటిలో చాలావాటి విషయంలో మనం చేయగలిగింది ఉంది. పూర్వజన్మ అన్నామంటే ఆ చేయగలిగింది కూడా మానేస్తాం.

మా ఇంట్లో అదే జరిగింది. ఆ ఫార్వర్డ్ తర్వాత ఎవరో చెప్పిన పరిహారం కోసం చెల్లి వాళ్ళు తిరిగారు. పూజలు, ప్రయాణాలు, అప్పు. రెండు నెలలు ఫిజియోథెరపీ ఆగిపోయింది. మెదడు తొందరగా నేర్చుకునేది మొదటి కొన్నేళ్ళలోనే కాబట్టి ఈ వయసులో ఆపొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. దండం పెట్టుకోవడం తప్పని నేను అనను. పిల్లాడి వ్యాయామం మానేసి పాపం కడుక్కోవడానికి వెళ్ళేలా చేసిన ఆ భయం తప్పు.

"ఎవరూ తప్పించుకోలేరు"

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. కర్మలో సంచితం (పోగుపడి ఉన్నది), ప్రారబ్ధం (ఇప్పుడు అనుభవిస్తున్నది), ఆగామి (ఇకపై పోగయ్యేది) అని మూడు చెప్పే వేదాంతమే జ్ఞానంతో సంచితం కాలిపోతుందంటుంది. జ్ఞానమనే అగ్ని కర్మలన్నింటినీ బూడిద చేస్తుందని గీత నాలుగో అధ్యాయంలో ఉంది. తప్పించుకునే దారి లేకపోతే ఆ గ్రంథాలు రాసే పనే లేదు.

నేను కర్మను నమ్మని మనిషిని కాదు. కానీ మనం తెలుగులో ఒక ఒత్తు తగిలించి దాన్ని ఖర్మ చేశాం. కర్మ అంటే చేసే పని, ఖర్మ అంటే నెత్తిన పడేది. భారతంలో నాకు కనిపించేది మొదటిదే. జూదసభలో ద్రౌపదిని పణం పెట్టినప్పుడు ధృతరాష్ట్రుడు లోపలి సంతోషం దాచుకోలేక "గెలిచాడా, గెలిచాడా" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఆ గొంతు దుర్యోధనుడు విన్నాడు, దుశ్శాసనుడు విన్నాడు. నాన్నకు ఇష్టమేనని వాళ్ళకు తెలిసిపోయింది. అక్కడి నుంచి కురుక్షేత్రం దాకా దారి చూడటానికి దివ్యదృష్టి అక్కర్లేదు, 50 జన్మలు అస్సలు అక్కర్లేదు. ఒకసారి మౌనంగా ఉన్నవాడికి రెండోసారి మౌనం తేలికవుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ మౌనాన్ని అనుమతిగా తీసుకుంటారు. ఫలం అలా పండుతుంది, అది కూడా చాలాసార్లు చేసినవాడి ఒక్కడి నెత్తిన కాదు, వికర్ణుడి లాంటివాళ్ళ నెత్తిన కూడా.

నేను గ్రూపులో సంజయుడి మాటలు రాసి పెట్టాను. బాబాయి రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "నేను మన పిల్లాడి గురించి పెట్టలేదమ్మా, కథ బాగుందని పెట్టాను" అన్నారు. నమ్మాను. చెల్లికి కూడా ఫోన్ చేసి చెప్పమన్నాను, చెప్పారు.

ఆ తర్వాత చెల్లి ఆ ప్రశ్న మళ్ళీ ఒక్కసారే అడిగింది, వాడి కాళ్ళకు నూనె రాస్తూ. "వాడేం చేయలేదే. ఏడో నెలలోనే పుట్టాడు, అంతే" అన్నాను. సరేనని తల ఊపి, వాణ్ణి లేపి వాకర్ పట్టించింది. వంటింటి గడప దాకా వచ్చాడు.