క్లెయిమ్‌కు సుముహూర్తం

ఇంటి బీమా క్లెయిమ్ ఎప్పుడు వేయాలో పాలసీ చదివి నిర్ణయించుకోవడం అనాగరికం. హైదరాబాద్‌లో దానికొక పద్ధతుంది. ముందు కాలనీ సంఘం అధ్యక్షుల వారిని సంప్రదించాలి. ‘వద్దండీ, వచ్చే ఏడాది రాయితీ పోతుంది’ అంటారాయన, తన కారు అనుభవంతో. కారు విషయంలో ఆయన మాట నిజమే. వరుసగా అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే మన కారుకు జరిగే నష్టం కోసం కట్టే ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది కనుక, బంపరు మీది గీతను చూసీ చూడనట్లు ఊరుకోవడమే లాభం. ఆ సూత్రాన్ని ప్రహరీ కూలిన ఇంటికి కూడా వర్తింపజేయడంలోనే మన మేధస్సు ఉంది.

ఇక వరద. 1908లో మూసీ ఊరిని ముంచింది. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు తెగింది. ఇన్ని చూసినవాళ్లం గనుక మనకు కంగారుండదు. నీళ్లు తీయగానే చీపురు పడతాం. గోడ మీద మోకాలి ఎత్తున నిలిచిన బురద గీతను బ్రష్షుతో రుద్ది కడిగి, రెండు పూతలు సున్నం కొట్టిస్తాం. నానిన పరుపు చెత్త బండికి, ఫ్రిజ్ పాత ఇనుప సామానువాడికి. ఆ తరువాత, అమావాస్య వెళ్లాక, కంపెనీకి ఫోను చేస్తాం. నష్టం అంచనా వేసే సర్వేయరు వచ్చేసరికి ఇల్లు పెళ్లివారిల్లులా ఉంటుంది. నష్టానికి ఆధారంగా మన నిజాయితీ ఒక్కటే మిగులుతుంది. దాన్ని ఫోటో తీయడం ఆయనకు చేతకాదు.

2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ‘భారత్ గృహ రక్ష’ ప్రామాణిక పాలసీలో అగ్నిప్రమాదం, తుఫాను, వరద, నీళ్ల ట్యాంకు పగలడం అన్నీ ఉన్నాయి. ఇంటి కట్టడానికి బీమా చేయిస్తే, జాబితా ఇవ్వకపోయినా అందులో 20 శాతం మేర, పది లక్షలు మించకుండా, సామానుకూ రక్షణ వస్తుంది. (ఈ నిబంధనలు ఖరారు చేసిన నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. అంత దగ్గర్లో ఉన్నదాన్ని ఎవరు చదువుతారు?) పైగా పాలసీ లెక్కగట్టేది ఇల్లు తిరిగి కట్టడానికయ్యే ఖర్చునే. గజం ధర చెప్పుకుని మురిసిపోయే నగరానికి ఇంతకు మించిన అవమానం లేదు.

అలాగని మనం క్లెయిమ్ వేయనివాళ్లమేమీ కాదు. పై ఫ్లాటు బాత్రూము నుంచి ఏళ్ల తరబడి చెమ్మ దిగి సీలింగు పెచ్చులూడితే వెంటనే వేస్తాం, అన్ని కోణాల ఫోటోలతో, ప్లంబరు బిల్లుతో సహా. క్రమంగా జరిగే అరుగుదలకు బీమా వర్తించదని కంపెనీ మర్యాదగా జవాబు రాస్తుంది. ఆ తిరస్కరణ లేఖను లామినేషన్ చేయించి, బీమా అంతా మోసమని చెప్పడానికి కాలనీ సమావేశానికి పట్టుకెళతాం.