సవరణ: ఫొటోలోది పుర్రె గుర్తు హాక్ మాత్ కాదు

నిన్నటి పోస్టులో పుర్రె గుర్తు హాక్ మాత్ అని రాసిన ఆ పెద్ద మాత్ (రాత్రిపూట ఎగిరే, సీతాకోకచిలుకలాంటి పురుగు) నిజానికి కన్వాల్వులస్ హాక్ మాత్. వీపు మీద పుర్రె లేదు, పొట్టకి రెండు పక్కలా గులాబీ, నలుపు పట్టీలున్నాయి (పుర్రె దానికైతే పసుపు), పైగా తొండం ఒంటికంటే పొడుగు, దాంతో గాల్లో ఒకేచోట ఎగురుతూనే గొట్టంలాంటి పూలలో తేనె తాగుతుంది. పుర్రె దాని తొండం పొట్టి, అది ఏకంగా తేనెపట్టుల్లోకే దూరుతుంది, దొంగది!

దీని గొంగళిపురుగు గూడు అల్లుతుందన్న వాక్యం కూడా తీసేశాను. చిలగడదుంప జాతి తీగలు తిని బలిసిన గొంగళిపురుగు మట్టిలోకి దిగి అక్కడే ప్యూపా (మాత్‌గా మారేముందు కదలకుండా ఉండే దశ) అవుతుంది. ప్యూపాకి కూజా పిడిలా వంగి ఉండే తొండం తొడుగు చూస్తే ఇట్టే పోల్చుకోవచ్చు. ఈ మాత్ ఆఫ్రికా నుంచి యూరప్‌కి ఎగిరి వెళ్తుందన్నది మాత్రం నిజమే, కానీ ఉత్తర యూరప్ చలికాలాన్ని తట్టుకోలేదు, అక్కడికి ఏటా కొత్తవి రావాల్సిందే.