ఊరికే వచ్చిన స్వేచ్ఛ

కంప్యూటర్ వాడటం తేలికగా ఉండాలన్న దురాలోచన మన సమాజాన్ని ఎంత పాడుచేసిందో మొన్నమొన్నటిదాకా నాకూ తెలియదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి కాలం చెల్లింది. మా లాప్‌టాప్ చూస్తే పదకొండుకు ఎక్కే వయసు దాటిపోయింది. అప్పుడు మా మేనల్లుడు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వచ్చాడు. "విండోస్ బదులు లినక్స్ వేసేద్దాం మావయ్యా, ఫ్రీ" అన్నాడు.

ఆ 'ఫ్రీ' అనే మాటతోనే రిచర్డ్ స్టాల్‌మన్ ఏళ్ల తరబడి అవస్థ పడుతున్నాడు. ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తానని 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన ప్రోగ్రామర్ ఆయన. ఫ్రీ అంటే డబ్బు కట్టక్కర్లేదని కాదు నాయనా, స్వేచ్ఛ అని ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడు. పాపం, ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. మనకా బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. కాకపోతే మనకు ఏది చెప్పినా మొదటిదే వినబడుతుంది. నాకూ అదే వినబడింది. రెండోది తర్వాత అనుభవంలోకి వచ్చింది.

ముందు ఏ లినక్స్ కావాలో చెప్పమన్నాడు. ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్, ఆర్చ్... వీటిలో ఒకటి తేల్చుకుంటే, పైన కనబడే తెర రూపం గ్నోమా, కేడీఈయా అని ఇంకో ప్రశ్న. "అందరూ వాడేది వెయ్యరా" అన్నాను. "అలా ఉండదు మావయ్యా, ఎవరికి నప్పేది వాళ్లకి" అన్నాడు, బట్టల కొట్లో సేల్స్‌మన్‌లా. చివరికి వాడే ఒకటి వేశాడు. దాని పేరు చెప్పను. చెబితే మిగతా అభిమాన సంఘాల వాళ్లు "అది వేసుకుంటే అంతే మరి" అంటారు.

అన్యాయంగా మాట్లాడకూడదు, వెయ్యడం మాత్రం అరగంటలో అయిపోయింది. తెర అందంగా వెలిగింది. వైఫై ఒక్కటే లేదు. ఈ వైఫై చిప్‌ని నడిపించడానికి డ్రైవర్ అనే వేరే సాఫ్ట్‌వేర్ కావాలట. ఎక్కడుంది? నెట్‌లో. నెట్ రావాలంటే? వైఫై కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్న సామెత మనవాళ్లు ఎప్పుడో ఇందుకే కట్టిపెట్టారు కాబోలు. వాడు ఫోన్‌కి కేబుల్ తగిలించి నెట్ తెచ్చి, నల్లటి కిటికీ ఒకటి తెరిచి, ఏదో టైపు చేసి, "పాస్‌వర్డ్ కొట్టు" అన్నాడు.

కొట్టాను. తెర మీద ఏమీ పడలేదు. ఒక్క చుక్క కూడా. మళ్లీ గట్టిగా కొట్టాను. టెన్షన్‌తో కీబోర్డు తిరగేసి దులిపాను.

"పడుతోంది మావయ్యా. కనబడదంతే."

"ఎందుకు కనబడదు?"

"ఎన్ని అక్షరాలో పక్కవాళ్లకి తెలియకూడదని."

పక్కన ఉన్నది వాడొక్కడే. ఆ పాస్‌వర్డ్ పెట్టిందీ వాడే. అయినా కళ్లు మూసుకుని, ఉన్నాడో లేడో తెలియని దేవుడికి దణ్ణం పెట్టినట్టు మొత్తం కొట్టి ఎంటర్ నొక్కాను. ఫలించింది. ఏళ్ల తరబడి గుడి చుట్టూ తిరిగినా రాని నమ్మకం నాకు ఆ నల్లటి కిటికీ ముందు కుదిరింది.

ఇక ఏ అనుమానం వచ్చినా మాన్యువల్ చదవమంటారు. చదివాను. మాన్యువల్ ఎలా చదవాలో చెప్పే మాన్యువల్ కూడా అందులోనే ఉంది. కాలక్షేపానికి లోటు లేదు.

ఈ లినక్స్ పుట్టుక వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. 1991 ఆగస్టు 25న హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు, ఓ ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాను, సరదాకే, పెద్దదేమీ కాదు అని ప్రకటించాడు. ప్రపంచంలోకెల్లా వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా చూస్తే, 2017 నవంబర్ నుంచి అన్నింటిలోనూ ఆ సరదాయే నడుస్తోంది. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపలా గుండెకాయ లాంటి కెర్నల్ అదే. వాతావరణాన్ని లెక్కగట్టే చోట పనిచేస్తుంది, అరచేతిలో పనిచేస్తుంది. ఈ రెంటికీ మధ్య, మా బల్ల మీదికి వచ్చేసరికే దానికి మొహమాటం.

అందుకే నాదొక ప్రతిపాదన. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయి జీతం, పొలం అడుగుతున్నారు. ప్రింటర్ పనిచేయనప్పుడు నోటివెంట ఏ మాటలు వచ్చాయో అడుగుతున్నారా? అబ్బాయిని ఒక ఆదివారం లినక్స్ ముందు కూర్చోబెట్టండి. జాతకాలతో పని ఉండదు.

మా ప్రింటర్ సంగతే చూడండి. టెస్ట్ పేజీ బ్రహ్మాండంగా వచ్చింది, రంగులతో సహా. అది తప్ప ఏదీ రాలేదు. పది టెస్ట్ పేజీలు తీశాం. మా ఆవిడ రైలు టికెట్ కోసం అంతసేపూ గుమ్మంలోనే నిలబడి, చివరికి తన ఫోన్ తీసి, దాంట్లోంచే ప్రింట్ కొట్టి, కాగితం చించుకుని లోపలికి వెళ్లిపోయింది.

"చూశావా మావయ్యా, అత్తయ్య కొట్టింది కూడా లినక్స్‌లోంచే!" అని మావాడు ఒకటే సంబరం.