జెర్రి పారిపోలేదు, మూత సరిగ్గా పడలేదు

మొన్న రాత్రి, నాలాగే జెర్రిని డబ్బాలో పెంచుకునే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, డబ్బాలో జెర్రి కనిపించట్లేదు, మట్టంతా తవ్వి చూశాను, లేదు." నాకు తెలిసినవాళ్ళలో ఈ ఏడాది ఇది మూడోసారి. అందుకే ఇది రాస్తున్నాను, కాస్త కోపంగానే రాస్తున్నాను. ఎవరిని అడిగినా "పారిపోయింది" అంటారు, తప్పంతా దానిదే అన్నట్టు. సందు కనిపిస్తే దూరడం జెర్రి పుట్టుక. సందు లేకుండా చూడటం పెంచేవాడి పని. ఆ పని చేతకానివాళ్ళు పెంచకూడదు, అంతే.

నేనుండేది టెక్సస్‌లో. ఇక్కడ రాళ్ళ కింద స్కోలోపెండ్రా హీరోస్ అనే జెర్రి సహజంగానే ఉంటుంది. ఎర్రటి తల, నల్లటి ఒళ్ళు, పసుపు కాళ్ళు, పెద్దదైతే దాదాపు జానెడు. నాలుగేళ్ళ కింద ఒక పిల్ల జెర్రిని తెచ్చుకున్నాను. డబ్బా మంచిదే, మూతకి నాలుగు వైపులా క్లిప్పులున్నాయి. థర్మామీటర్ వైరు లోపలికి పంపడానికి పక్కగోడకి పైన ఒక చిల్లు పెట్టాను. వైరు ఉన్నంతకాలం ఆ చిల్లు మూసుకునే ఉంది. ఒక శనివారం థర్మామీటర్ పాడైందని వైరు లాగేశాను, చిల్లుకి టేపు రేపు వేద్దాంలే అనుకుని పడుకున్నాను. ఆ చిల్లు నా చిటికెనవేలి గోరంత కూడా లేదు.

అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. మంచం మీద నిద్ర పట్టదని పక్కగదిలో నేల మీద పరుపు వేసుకుని పడుకునేది. పొద్దున చూస్తే డబ్బా ఖాళీ. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అమ్మని సోఫా మీద పడుకోబెట్టి, తలుపుల కింద తువ్వాళ్ళు దూర్చి, మూడు రాత్రులు వెతికాను. చివరికి బాత్రూంలో తడిసిన కాలిపట్ట కింద దొరికింది. పట్ట అంచు ఎత్తితే ముందు రెండు మీసాలు కదిలాయి, మెల్లగా, చీకట్లో గోడ తడుముకుంటున్నట్టు. తర్వాత తల బయటికి వచ్చింది. మామూలుగా కన్నుమూసి తెరిచేలోపు మాయమయ్యే జీవి, ఆ రోజు ఒక్క అడుగు కూడా పరిగెత్తలేదు. జెర్రి ఒంట్లో తేమ నిలవదు, మన ఏసీ గదుల్లో ఎండిపోతుంది. గ్లాసు బోర్లించి, కింద అట్ట దూర్చి, డబ్బాలో వదిలితే నీళ్ళ గిన్నె అంచున తల ఆనించి చాలాసేపు తాగింది. అమ్మ ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి మాత్రం చెప్పులు రెండుసార్లు నేలకి కొట్టి వేసుకోవడం మొదలుపెట్టింది, ఊరెళ్ళేదాకా అంతే. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే.

జెర్రి ఒళ్ళు బల్లపరుపుగా ఉంటుంది, తల పట్టిందంటే మిగతాదంతా పడుతుంది. నున్నటి గాజు ఎక్కలేదులే అని చాలామంది ధైర్యంగా ఉంటారు. నిజమే, కానీ గాజుతొట్టి మూలల్లో సిలికాన్ అతుకు ఉంటుంది కదా, దాన్ని పట్టుకుని నిచ్చెన ఎక్కినట్టు ఎక్కేస్తుంది. అతుకు లేకపోయినా వెనక కాళ్ళు మట్టిలో ఊని, మూలన నిలబడి, ఒళ్ళంతా పైకి సాగదీసి మూత అంచుని వెతుకుతుంది. అందుకే మట్టి పైనుంచి మూత దాకా జెర్రి పొడవుకి రెట్టింపు ఎత్తు వదలాలని నేను మొత్తుకునేది. మట్టి మందంగా వెయ్యాలని ఎక్కడో విని డబ్బాని ముప్పావు వంతు నింపేస్తారు, పైన ఎంత మిగిలిందో కొలిచి చూడరు. మట్టి మందంగానే వెయ్యండి, డబ్బా మాత్రం ఎత్తుది కొనండి.

మాలాంటివాళ్ళు పెంచే పెద్ద బొచ్చు సాలీడు, ట్యారంటులా, దాని సంగతి వేరు. అది గాజు మీద కూడా హాయిగా నడుస్తుంది, కాబట్టి ఎత్తు లెక్క పనికిరాదు, అంతా మూత మీదే ఉంటుంది. పిల్ల సాలీడుకి పొట్ట మెత్తన, ఎంతైనా నలుగుతుంది, తలవైపు పెంకు నలగదు. ఆ పెంకు పట్టే చిల్లు ఏదైనా దానికి గుమ్మమే, గాలి కోసం పెట్టే చిల్లులు అంతకంటే చిన్నవిగా ఉండాలి. పెద్దవాటికి ప్లాస్టిక్ జాలీ అస్సలు వద్దు, కోరలతో కొరికి చింపేస్తాయి. ఇనుప జాలీ అయితే కాలి గోళ్ళు ఇరుక్కుని వేలాడతాయి, అక్కడినుంచి పడితే పొట్ట పగిలి చచ్చిపోతాయి. మగ సాలీడు చివరి కుబుసం విడిచాక ఆడదాన్ని వెతుక్కుంటూ రాత్రంతా గోడల వెంట తిరుగుతుంది, మూత ఏ మూల వదులుగా ఉందో అప్పుడే బయటపడుతుంది. అయస్కాంతం మూత గట్టిగా పడుతుందని అమ్మేవాళ్ళు చెబితే నమ్మకండి. ఖాళీ డబ్బాగా ఉన్నప్పుడే లోపలి నుంచి రెండు వేళ్ళతో నెట్టి చూడండి.

అసలు నేను విన్నవాటిలో చాలావరకు మూత తెరిచి ఉన్నప్పుడే జరిగాయి. మేతగా కీచురాయిని వేసేటప్పుడో, పెద్ద డబ్బాలోకి మార్చేటప్పుడో. మార్చడమైతే నేను బాత్‌టబ్‌లోనే చేస్తాను. నీళ్ళు పోయే రంధ్రం మూసి, పెద్ద టబ్బు పెట్టి, అందులో పాత డబ్బా, కొత్త డబ్బా రెండూ పక్కపక్కన పెడతాను. మూతపడే గ్లాసు, బ్రష్షు, పొడుగాటి పట్టకారు చేతికందేలా ఉండాలి. తలుపు మూసి ఉండాలి, ఫోను బయట ఉండాలి. వీడియో తీస్తూ మార్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మా అమ్మ పుట్టిల్లు గుత్తి దగ్గర. ప్రపంచమంతా మోజుపడే నీలం ట్యారంటులా, పెసిలోథీరియా మెటాలికా, 1899లో లోకానికి తెలిసింది ఆ గుత్తిలో దొరికిన ఒక్క సాలీడు వల్లే. తర్వాత నూరేళ్ళు ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. ఇప్పుడది అంతరించిపోయే అంచున ఉంది. ఇక్కడ అమెరికాలో పెంపుడు జీవుల సంతల్లో మాత్రం డబ్బాల్లో పెట్టి అమ్ముతారు. చూడగానే నీలం మెరుపుకి మనసు పారేసుకుని, మొదటిసారి పెంచేవాళ్ళు కూడా కొనేస్తున్నారు. అది మెరుపులా పరిగెడుతుంది, కరిస్తే కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయి. మన నల్లమల పక్క చెట్టు తొర్రలో బతకాల్సిన జీవి ఎవరో మూత నొక్కడం మర్చిపోయినందుకు ఫ్రిజ్ వెనక ఎండిపోయి చావడం నేను తట్టుకోలేను.

బయటపడ్డవన్నీ చచ్చిపోతాయనీ కాదు. ఫ్లోరిడాలో ఒక చోట మెక్సికో ట్యారంటులాలు తోటల్లో స్థిరపడిపోయాయి, అవి ఆ నేలవి కావు.

ఆ తమ్ముడికి ఇంకా దొరకలేదు. ఇంట్లో రెండేళ్ళ పాప ఉందట, ఆ మాట రెండో రోజు చెప్పాడు. పాపని తీసుకుని వాళ్ళావిడని స్నేహితుల ఇంటికి పంపించమన్నాను. రాత్రి పదకొండు దాటాక లైట్లన్నీ తీసేసి, గోడ అంచుల వెంట టార్చి వేస్తూ వెళ్ళమన్నాను, వాషింగ్ మెషిన్ వెనక, సింకు కింద, తడి ఎక్కడుంటే అక్కడ. ప్రతి గది మూలనా ఒక తడిగుడ్డ మడిచి పెట్టమన్నాను. పొద్దున ఆ గుడ్డలు చేత్తో ఎత్తొద్దు, పట్టకారుతోనే ఎత్తు అని రెండుసార్లు చెప్పాను.